ఫ్రోజెన్ లాబ్‌స్టర్ తోక: ఆవిరి, ఓవెన్, గ్రిల్, మసాలా... మీకు ఏది నప్పుతుంది?

తీర్పు ముందే చెప్పేస్తాను. లాబ్‌స్టర్ తోకను మొదటిసారి వండుతున్నవారు ఆవిరి మీద ఉడికించండి. అతిథుల ముందు పళ్లెం అందంగా కనిపించాలంటే ఓవెన్‌లో పైమంట (బ్రాయిలర్) కింద పెట్టండి. పదిమందికి వండాలంటే ఓవెన్‌లోనే బేక్ చేయండి. ఇంట్లో ఇద్దరే ఉంటే ఎయిర్ ఫ్రయ్యర్ చాలు. మసాలా పెట్టనిదే నాలుకకు ఆనదు అనుకునేవారికీ దారి ఉంది. కాకపోతే రొయ్యల ఇగురు పద్ధతిలో దగ్గరపడేదాకా ఉడికిస్తే ఆ డబ్బుతో రబ్బరు కొన్నట్టే.

అమెరికా, కెనడాల్లో ఉండే తెలుగు ఇళ్లకు ఈ తోకలు ఇప్పుడు అపురూపమేమీ కాదు. టోకు దుకాణాల ఫ్రీజర్లలో ఏడాది పొడవునా దొరుకుతాయి. డిసెంబరు సెలవుల్లోనూ, ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకూ చాలా దుకాణాలు ధర తగ్గిస్తాయి. కొనడం సులువే, చెడగొట్టడం అంతకన్నా సులువు. నా లెక్కలో వంట చెడేది ఎక్కువగా రెండు చోట్ల: మంచు పూర్తిగా విడవకముందే పొయ్యి మీద పెట్టడం, ఉడికిపోయాక కూడా దించకపోవడం. అందుకే ఏ పద్ధతి రుచిగా ఉంటుంది అన్న ప్రశ్న కన్నా, ఏ పద్ధతిలో నిమిషం అటూఇటూ అయినా నష్టం ఉండదు అన్న ప్రశ్న వేసుకోవడం మంచిది.

కొనేటప్పుడే సగం నిర్ణయం

ఫ్రీజర్లో పక్కపక్కనే కనిపించే తోకలన్నీ ఒక జాతివి కావు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి, కెనడా తూర్పు తీరం నుంచి వచ్చేవి చల్లని నీటివి. పీతకున్నట్టు ముందు రెండు పెద్ద గోళ్లు ఉండే జాతి అది. ఫ్లోరిడా, బహామాస్, హోండురస్, నికరాగువా, బ్రెజిల్ తీరాల నుంచి వచ్చేవి వెచ్చని నీటివి. వీటికి ఆ గోళ్లు ఉండవు, ఒంటినిండా ముళ్లు, పొడవాటి మీసాలు ఉంటాయి. మాంసం చాలావరకు తోకలోనే ఉంటుంది కనుక తోకనే విడిగా అమ్ముతారు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తోకలు మూడో రకం. అవీ గోళ్లు లేని ముళ్ల జాతివే, కానీ చల్లని నీటిలో పెరుగుతాయి. నాణ్యత బాగుంటుంది, ధర కూడా గట్టిగానే ఉంటుంది.

చల్లని నీటి తోక మాంసం తెల్లగా, మెత్తగా, తియ్యగా ఉంటుంది. వెచ్చని నీటిది కాస్త గట్టిగా, పీచుగా ఉంటుంది, తీపి తక్కువ, ధరా తక్కువే. మెయిన్ తోకకు ఆవిరి, వెన్న చాలు. దాన్ని మసాలాలో ముంచడం నా దృష్టిలో వృథా. వెచ్చని నీటి తోక గ్రిల్ వేడికీ, మసాలా ఘాటుకీ తట్టుకుంటుంది. లేబుల్ మీద ఏ దేశానిదో, ఏ జాతిదో చూడండి. వెచ్చని నీటిదైన కరీబియన్ జాతి తోక పెంకు మీద లేత పసుపు మచ్చలు కనిపిస్తాయి, మెయిన్ తోక ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో నున్నగా ఉంటుంది. లేబుల్ ఏమీ చెప్పకుండా ధర మాత్రం మరీ చవకగా ఉంటే అది వెచ్చని నీటిదే అనుకోవచ్చు.

ఆంధ్ర తీరంలో గానీ, చెన్నై, కొచ్చి వైపు గానీ పట్టేవి కూడా ఎక్కువగా గోళ్లు లేని ముళ్ల జాతివే. కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో మన తీరపు తోక కొన్నవారు ఇక్కడ వెచ్చని నీటి రకం గురించి చెప్పిన మాటలనే తీసుకోండి.

పదార్థాల జాబితా చదవడానికి అర నిమిషం కేటాయించండి. అందులో నీటిని పట్టి ఉంచే రసాయనం సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ ఉంటే ఆ మాంసం నీళ్లు పట్టి ఉంటుంది. వేడి తగలగానే ఆ నీరు తెల్లటి ద్రవంగా బయటకు వస్తుంది, ఓవెన్‌లో పెట్టినా కాలాల్సింది కాస్తా ఉడుకుతుంది. లాబ్‌స్టర్ తప్ప మరేమీ లేని ప్యాకెట్ దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే కొనండి. ప్యాకెట్ అడుగున మంచు పొడి గుట్టగా పేరుకుని ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించాలి. మాంసం అంచుల్లో తెల్లగా ఎండిన మచ్చలు ఉంటే ఫ్రీజర్లో చాలాకాలం పడి ఉందని అర్థం.

ఇంకొక సంగతి. ఒక్కోసారి ఎంత జాగ్రత్తగా వండినా మాంసం పిండిలా విడిపోతుంది. అది వండినవారి తప్పు కాకపోవచ్చు. లాబ్‌స్టర్ చనిపోయాక దాని జీర్ణగ్రంథిలోని ఎంజైములు తోక కండలోకి చేరి దాన్ని కరిగించడం మొదలుపెడతాయి. పట్టిన వెంటనే తోక విడదీసి గడ్డకట్టిస్తే ఈ బెడద ఉండదు. ఆలస్యం జరిగిన తోకను ఏ పద్ధతీ కాపాడలేదు.

మంచు విడిపించడం

రాత్రి ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్‌లో కింది అరలో, గిన్నెలో పెట్టి వదిలేయండి. మర్నాటి సాయంత్రానికి సిద్ధంగా ఉంటుంది. గాలి తీసేసి బిగించిన ప్యాకెట్ అయితే ఫ్రిజ్‌లో పెట్టేముందు దాన్ని చించి తెరవాలి. సముద్రపు ఆహారంలో ఉండగల, బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషానికి కారణమయ్యే బ్యాక్టీరియా గాలి లేనిచోట, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలదు. అరుదైన ప్రమాదమే, కానీ కత్తెరతో ఒక్క కోత పెడితే తప్పిపోతుంది.

అంత వ్యవధి లేకపోతే తోకలను నీళ్లు చొరని సంచిలో వేసి చల్లటి నీళ్లలో ముంచండి. అర గంటకోసారి నీళ్లు మార్చండి. ఆరేడు ఔన్సుల తోక, అంటే 170 నుంచి 200 గ్రాములది, ముప్పావు గంట నుంచి గంటలో విడుతుంది. వేడినీళ్లు వద్దు, బల్ల మీద వదిలేయడమూ వద్దు. పైమాంసం పాడవడం మొదలయ్యే సమయానికి కూడా లోపల గడ్డగానే ఉంటుంది. మైక్రోవేవ్‌లో డీఫ్రాస్ట్ చేస్తే అంచులు అక్కడే ఉడికిపోతాయి. మంచు విడిచిందో లేదో తెలియాలంటే తోకను మధ్యలో వంచి చూడండి. సులువుగా వంగితే సరే, మధ్యలో బిగుసుకుంటే ఇంకాస్త ఆగండి. అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలితే మాత్రం మొహమాటం లేకుండా పారేయండి.

గడ్డ విడవకుండానే వండవచ్చా అని అడిగేవారు చాలామంది. ఆవిరిలోనో, మరిగే నీళ్లలోనో సగం సమయం అదనంగా ఇచ్చి వండవచ్చు. కానీ అంచు గట్టిపడ్డాకే మధ్య ఉడుకుతుంది, మాంసం పెంకుకు అతుక్కుంటుంది. చల్లటి నీళ్లలో గంట చాలన్నప్పుడు ఈ తొందర ఎందుకో నాకు అర్థం కాదు. గడ్డ తోకను పైమంట కింద పెట్టడం అసలే వద్దు.

ఉడికిందని ఎలా తెలుస్తుంది

పెంకు ఎర్రబడితే ఉడికినట్టు కాదు. పెంకులో అస్టాజాంథిన్ అనే ఎర్రటి రంగు మొదటినుంచీ ఉంటుంది. ఒక ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచడం వల్ల ముదురుగా కనిపిస్తుంది. వేడికి ఆ పట్టు సడలి ఎరుపు బయటపడుతుంది, అదీ లోపలి మాంసం ఉడకడానికి చాలా ముందే. చూడాల్సింది మాంసాన్ని. పచ్చిగా ఉన్నప్పటి గాజులాంటి మెరుపు పోయి, మధ్యదాకా పాలతెలుపు రావాలి.

ఆహార థర్మామీటర్ ఉంటే అనుమానమే ఉండదు. సముద్రపు ఆహారానికి అమెరికా ప్రభుత్వ సూచన 63 డిగ్రీల సెల్సియస్, అంటే 145 ఫారెన్‌హీట్. తోక లావుగా ఉన్నచోట గుచ్చి చూడండి. ఓవెన్‌లోనో గ్రిల్ మీదో వండుతుంటే 60 దగ్గరే తీసి మూడు నిమిషాలు ఆగండి, మిగతా రెండు మూడు డిగ్రీలు దానంతట అదే పెరుగుతుంది. 70 దాటిందంటే మాంసం నీరు కక్కుకుని బిగుసుకుంటుంది. పది, పదిహేను డాలర్లకు దొరికే ఈ పరికరం ఒక్క తోక ఖరీదు చేయదు.

ఆవిరి: నా మొదటి ఓటు

ఆవిరి వేడి నిలకడగా ఉంటుంది, ఒక నిమిషం ఎక్కువైనా పెద్దగా కోపగించుకోదు. మాంసంలోని రసం నీళ్లలో కలిసిపోదు. పైగా ప్రత్యేకమైన సామాను అక్కర్లేదు. ఇడ్లీ పాత్రలో ఇడ్లీ రేకులు తీసేసి, కుడుములు పెట్టే చిల్లుల పళ్లెం పెట్టుకుంటే సరిపోతుంది. అడుగున రెండంగుళాల నీళ్లు, అందులో చెంచా ఉప్పు, రెండు నిమ్మచెక్కలు. నీళ్లు బాగా మరిగాకే తోకలు పెట్టి మూత వేయాలి, సమయం అప్పటినుంచి లెక్క. ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

నాలుగు ఔన్సుల తోకకు ఐదారు నిమిషాలు, ఆరు ఔన్సులకు ఏడు నుంచి తొమ్మిది, ఎనిమిది ఔన్సులకు తొమ్మిది నుంచి పదకొండు నిమిషాలు పడుతుంది. ఉడికేటప్పుడు తోక ముడుచుకుపోకూడదనుకుంటే పొడవునా ఒక వెదురుపుల్ల గుచ్చండి. పెంకును ముందే పైనుంచి కత్తెరతో చీల్చి ఉంచితే నల్ల నరం తీయడం, తర్వాత తినడం కూడా తేలిక.

ఆవిరికి ఉన్న లోపం ఒక్కటే, కాలిన వాసన, రంగు రావు. అందుకు విరుగుడు మన వంటింట్లోనే ఉంది. అమెరికా హోటళ్లలో లాబ్‌స్టర్ పక్కన చిన్న గిన్నెలో పోసి ఇచ్చేది కరిగించి తేర్చిన వెన్న. మన నెయ్యి దానికన్నా ఒక మెట్టు పైనే, కమ్మగా కాగి ఉంటుంది కనుక. రెండు చెంచాల నెయ్యి వేడి చేసి, దంచిన వెల్లుల్లి, కచ్చాపచ్చా మిరియాలు, నాలుగు కరివేపాకులు వేసి, వెల్లుల్లి లేత బంగారు రంగుకు రాగానే దించి తోక మీద పోయండి. చప్పగా ఉందని మూతి ముడిచే పెద్దవారు కూడా తింటారు.

నీళ్లలో ఉడకబెట్టడం దీనికన్నా ఒకటి రెండు నిమిషాలు త్వరగా అయిపోతుంది. ఔన్సుకు నిమిషం అన్నది పనికొచ్చే లెక్క. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు వేస్తే సముద్రపు నీటి ఉప్పదనం వస్తుంది. చిన్న తోకలు ఎక్కువ ఉంటే, లేదా చల్లార్చి సలాడ్‌లో వేసుకోవాలంటే ఇది సరిపోతుంది. సలాడ్‌కైతే తీసిన వెంటనే ఐసు నీళ్లలో వేయండి. మిగతా సందర్భాల్లో రుచి కొంత నీళ్లపాలవుతుంది కనుక నా ఓటు ఆవిరికే.

పైమంట: అందానికి, ఆత్మవిశ్వాసం ఉన్నవారికి

హోటల్లో కనిపించే రూపం, అంటే ఎర్రటి పెంకు మీద మాంసం పువ్వులా విచ్చుకుని అక్కడక్కడ బంగారు మచ్చలతో ఉండటం, ఓవెన్ పైమంటతోనే వస్తుంది. అందుకు తోకను ముందు విప్పాలి. వంటింటి కత్తెరతో పైపెంకును మొదటినుంచి తోక రెక్క దాకా నిలువుగా కత్తిరించండి. రెక్కను కత్తిరించకండి. బొటనవేళ్లతో పెంకును రెండువైపులా విడదీసి, వేలు లోపలికి పోనిచ్చి మాంసాన్ని అడుగు నుంచి వదులు చేసి పైకెత్తండి. రెక్క దగ్గర మాత్రం అంటుకుని ఉండనివ్వండి. చీల్చిన పెంకును కింద మూసి, మాంసాన్ని దాని మీద కూర్చోబెట్టండి. పెంకు అంచులు కోసుకునేంత పదునుగా ఉంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి.

మాంసానికీ మంటకూ మధ్య ఐదారు అంగుళాల దూరం ఉండాలి. దగ్గరైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ట్రేలో కొంచెం నీళ్లు పోస్తే పెంకు మాడదు, పొగ రాదు. అపార్ట్‌మెంట్లలో పొగ అలారం మోగి చుట్టుపక్కలవారు తలుపు తట్టే పరిస్థితి కూడా రాదు. రెక్కలకు అల్యూమినియం రేకు చుట్టండి. వెన్న, ఉప్పు, చిటికెడు కాశ్మీరీ కారం ముందే రాయవచ్చు. పచ్చి వెల్లుల్లి మాత్రం దించేముందు నిమిషంలోనే. ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. ఆరు ఔన్సుల తోకకు ఏడు నుంచి తొమ్మిది నిమిషాలు, నాలుగు ఔన్సులకు ఐదారు. ఇక్కడ అర నిమిషానికి కూడా తేడా వస్తుంది. ఓవెన్ ముందునుంచి కదలకండి, ఫోను మోగినా సరే.

అంత కాపలా కాయలేనివారికి, ఎక్కువమందికి వండేవారికి బేకింగ్ మేలు. తోకను అలాగే విప్పి, 220 డిగ్రీల సెల్సియస్, అంటే 425 ఫారెన్‌హీట్ వేడిలో ఆరు ఔన్సుల వాటిని పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచండి. ఒకే ట్రేలో పది తోకలైనా దాదాపు సమానంగా ఉడుకుతాయి. రంగు కావాలంటే చివరి నిమిషం పైమంట వేయండి. పది ఔన్సులు దాటిన పెద్ద తోకలకు పైమంట ఒక్కటే పెట్టడం కన్నా ఇదే నయం.

ఎయిర్ ఫ్రయ్యర్, గ్రిల్, మిగతావి

ఎయిర్ ఫ్రయ్యర్ నిజానికి బుల్లి ఓవెన్. 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర నాలుగైదు ఔన్సుల తోకలు ఐదు నుంచి ఏడు నిమిషాల్లో అయిపోతాయి. పొడిగాలి విసురుతుంది కనుక వెన్న ధారాళంగా రాయాలి. బుట్ట లోతు తక్కువైతే పైకెత్తిన మాంసం వేడితీగకు మరీ దగ్గరవుతుంది. అలాంటప్పుడు మాంసాన్ని పెంకులోనే ఉంచి పైపెంకు మాత్రం చీల్చండి.

గ్రిల్ వేసవికి, వెచ్చని నీటి తోకకు. తోకను నిలువునా రెండుగా చీల్చి, నూనె రాసి, మాంసం వైపు రెండు మూడు నిమిషాలు, తిప్పి పెంకు వైపు వెన్న పూస్తూ మూడు నాలుగు నిమిషాలు. పొగ వాసన పట్టిన ఆ మాంసం మీద నిమ్మకాయ పిండితే వెచ్చని నీటి తోకకు చప్పదనం అన్న మాటే రాదు.

వెన్నలో సన్నటి వేడి మీద మాంసాన్ని ఉడికించే పద్ధతి రుచిలో అన్నిటికన్నా మిన్న. కానీ రెండు తోకలకు పావు కిలో వెన్న కావాలి, దాని వేడి 70, 80 డిగ్రీల సెల్సియస్ మధ్య కదలకుండా ఉండాలి. పెళ్లిరోజుకు ఇద్దరి కోసం చేసుకోవచ్చు, అతిథులకు వద్దు. మైక్రోవేవ్, ప్రెషర్ కుక్కర్ రెండూ వద్దు. మూత తీసి చూసే వీలులేని పాత్రలో నిమిషాల మీద నడిచే వంట చేయడం జూదమే.

మసాలా పెట్టాలనుకుంటే

వెచ్చని నీటి తోక తీసుకోండి. ఉల్లి, అల్లం వెల్లుల్లి, టమాటా, ధనియాల పొడి, కారం వేసి నూనె తేలేదాకా మసాలాను పూర్తిగా వండేయండి. ఉప్పు, పులుపు సరిచూసుకోవడం కూడా అప్పుడే. కొబ్బరిపాలు పోసేవారు అదీ పోసి ఒక పొంగు రానివ్వండి. తోకను పెంకుతో సహా మూడు నాలుగు అడ్డముక్కలుగా కోసి అప్పుడు వేయండి, మూత పెట్టి సన్నమంట మీద ఐదారు నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. పెంకు ఉండటం వల్ల మాంసం నేరుగా వేడికి గురికాదు, పెంకు రుచి గ్రేవీలోకి దిగుతుంది. ముందుగా పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించే అలవాటుంటే పావుగంట మించనివ్వకండి. పులుపు పచ్చిమాంసం పైపొరను గట్టిపరుస్తుంది.

చింతపండు పులుసుకు మాత్రం నేను రొయ్యలకో చేపకో ఓటేస్తాను. పులుసు అందం మర్నాటికి ఊరడంలో ఉంది, ఊరిన లాబ్‌స్టర్‌ను మళ్లీ వేడి చేస్తే గట్టిపడుతుంది.

ఎవరికి వడ్డిస్తున్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రొయ్యలు పడనివారికి లాబ్‌స్టర్ కూడా చాలావరకు పడదు. ఆ అలర్జీకి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వేడికి చెదరదు, అందుకని బాగా ఉడికిస్తే పోతుందన్న మాట నమ్మకండి. ఒకే నూనెలో, ఒకే గరిటెతో వారికి వేరే వంటకం చేయడం కూడా ప్రమాదమే.

మిగిలిన మాంసాన్ని ఫ్రిజ్‌లో మూడు రోజులలోపు వాడేయండి. మళ్లీ వేడి చేయకుండా చల్లగానే చిలికిన పెరుగు, కీరా, పచ్చిమిర్చి, నిమ్మరసంతో కలుపుకోండి, లేదా వేడివేడి అన్నంలో ఆఖరున కలిపేయండి. పెంకులు పారేయకండి. ఉల్లిపాయ, మిరియాలతో అర గంట మరిగించి వడకడితే వచ్చే రసాన్ని గడ్డకట్టించి ఉంచుకోవచ్చు. ఈసారి రొయ్యల పులావ్‌కు ఎసరు అదే పెట్టండి.